నాల్‌సాబు పొట్లం



మీ ఇంట్లో గుర్రం ఉందా అని ఇవ్వాళ కాశిబుగ్గ చౌరస్తాలో నిలబడి ఎవరినన్నా అడిగితే, పొద్దుపొద్దున్నే ఈయనకేమైందని చూస్తారు. ఎనుమాముల మార్కెట్ దిక్కు పోయే పత్తి ట్రాలీలు, ఆటోలు, నర్సంపేట బస్సులు. వాటి నడుమ గుర్రం మాట ఎక్కడిది? కానీ మా ఇంటి ముందరి వేపచెట్టుకు ఒకప్పుడు గుర్రం కట్టేసి ఉండేది. ఎర్రని కుమ్మైతు గుర్రం. మా తాత టాంగా నడిపేవాడు.

1886లో సికింద్రాబాద్ నుంచి వరంగల్ దాకా రైలు పడ్డది. రైలు దిగిన మనుషులు, మూటలు, పెళ్లిపెట్టెలు, పిల్లల కోడి ఊళ్లోకి చేరాలంటే కాళ్లన్నా ఉండాలి, టాంగా అన్నా ఉండాలి. రిక్షాలొచ్చినా, ఆటోలొచ్చినా కొన్నాళ్లపాటు టాంగాలు మొండిగా నిలబడ్డాయి. మా తాత స్టేషన్ దగ్గర సవారీ ఎక్కించుకుని పోచమ్మ మైదాన్ మీదుగా హన్మకొండ దాకా పోయేవాడు. మధ్యలో ఎంజీఎం దవాఖాన దగ్గర సగం మంది దిగిపోయేవాళ్లు. రోగం వచ్చినవాళ్లు కదా, వాళ్లతో బేరమాడొద్దనేది ఆయన పెట్టుకున్న నియమం. ఆ నియమం మీద మా నాయినమ్మకు చాలా ఫిర్యాదులుండేవి.

మాది బాప్టిస్టు సంఘం. డిసెంబరు 25న మా ఇంట్లో తెల్లవారుజాము నుంచే హడావుడి. నేనీ పూట చెప్పబోయేది ఆ పండుగ నాడు మా ఇంట్లోంచి బయటికి పోయిన పొట్లాల సంగతి. గుర్రం ఒక్కటే అయినా దాని వెనక చాలామంది మనుషులుంటారు. పచ్చగడ్డి మోపు నెత్తిన పెట్టుకుని వచ్చే అవ్వ, జీను తోళ్లు కుట్టే మోచీ, బండి చక్రం ఆకులు సరిచేసే వడ్లాయన, ఉలవలు కొలిచి ఇచ్చే కిరాణం సేటు. అందరికన్నా ముందు నాల్‌సాబు. నాలలు కొట్టే మనిషి కనుక ఆయన్ని ఊరంతా నాల్‌సాబనే పిలిచేది. మాకు సాబు తాత. లాడం అనే మాట నేను బళ్లో పుస్తకంలో చదివి నేర్చుకున్నాను గానీ మా ఇంట్లో ఎప్పుడూ నాలే.

మోతుకాకు విస్తళ్లు పరిచి నాయినమ్మ గరిజెలు, మురుకులు లెక్కపెట్టేది. గడ్డి అవ్వకు ఇన్ని, మోచీకి ఇన్ని. సాబు తాత విస్తరి దగ్గరకొచ్చేసరికి లెక్క తప్పేది. నేను అడిగాను, ఆయనకే ఎందుకు ఎక్కువ అని. నాయినమ్మ తల ఎత్తకుండానే చెప్పింది: "కాలు ఆయన చేతుల ఉన్నదిరా. కాలు పోతే బండి పాయె. బండి పోతే బువ్వ పాయె."

ఆ మాట ఎంత నిజమో తెలియాలంటే నాలలు కొట్టేటప్పుడు దగ్గర కూర్చుని చూడాలి. నేను చూశాను, చాలాసార్లు. గుర్రం తల పట్టుకునే ఉద్యోగం నాదే.

సాబు తాత ముందు గుర్రాన్ని పది అడుగులు నడిపించమనేవాడు. కాళ్లు చూసేవాడు కాదు, చప్పుడు వినేవాడు. నాలుగు డెక్కల చప్పుడు ఒక్క తీరుగా పడుతున్నదా లేదా అని. తర్వాత గుర్రం మెడ మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి ఎత్తకుండానే భుజం మీదుగా మోకాలి దాకా, అక్కడినుంచి గిట్ట దాకా దించేవాడు. గుర్రం తనంతట తనే కాలు ఎత్తి ఇచ్చేది. దాన్ని తన రెండు మోకాళ్ల నడుమ, తోలు ముక్క మీద పెట్టుకునేవాడు. రెండు మూడు వందల కిలోల జంతువు మూడు కాళ్ల మీద నిలబడి, నాలుగోది మనిషి ఒళ్లో పెట్టిందంటే మాటలు కాదు. మార్కెట్‌కు వచ్చే బండ్ల ఎద్దులకూ ఆయనే నాలలు కొట్టేవాడు గానీ ఎద్దును తాళ్లతో కాళ్లు కట్టి పక్కకు పండబెట్టి కొడతారు. ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది కాబట్టి ఒక్కో కాలికి రెండేసి రేకులు. గుర్రానిది ఒంటి గిట్ట. నిలబెట్టే కొట్టాలి.

పాత నాల ఊడదీసేవాడు. గిట్ట అంటే మన గోరు లాంటిదే, నెలకు దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అందుకే ఆరు, ఎనిమిది వారాలకోసారి నాల తీసి, పెరిగిన గిట్ట చెక్కి, ఆకురాయితో రాసి, మళ్లీ కొట్టాలి. తారు రోడ్డు మీద నాల ఇంకా తొందరగా అరుగుతుంది. చెక్కిన గిట్ట అడుగున తెల్లటి గీత ఒకటి కనిపిస్తుంది. ఆ గీతకు బయట ఉన్నది ప్రాణం లేని గోరు, లోపల ఉన్నది నెత్తురు, నరం. రెండింటికీ నడుమ ఉన్న జాగా వేలెడు కూడా ఉండదు. శీలలన్నీ ఆ గీతకు బయటే దిగాలి. నాలకు ఆరో ఏడో శీలలు, నాలుగు కాళ్లకు కలిపి పాతిక అటూఇటూ.

ఒకసారి ఆయన శీల నా అరచేతిలో పెట్టి, "చూడు బేటా, దీనికి ముఖం, వీపు ఉంటయి" అన్నాడు. నాకు రెండు పక్కలా ఒక్క తీరుగానే కనిపించింది. గోటితో తడిమితే తెలిసింది. కొనకు ఒక పక్క సన్నటి ఏటవాలు. ఆ వాలు లోపలి దిక్కు ఉండేటట్టు కొడితే, శీల గిట్టలోకి దిగుతూ దిగుతూ బయటికి వంగి, గిట్ట గోడ మీద కొన తేలుతుంది. దాన్ని తుంచి, మడిచి, ఆకురాయితో నున్నగా చేస్తారు. తిప్పి పెడితే శీల లోపలికే వంగుతుంది, మాంసంలోకి. మరి చీకట్లో ఎట్లా కొడతవని అడిగాను. "చెవితోని" అన్నాడు. శీల గట్టి గోట్లో దిగుతుంటే టణటణమంటుంది. మెత్తటి దిక్కు మళ్లిందంటే చప్పుడు చచ్చిపోతుంది. అప్పుడు సుత్తె ఆపి, శీల గుంజేయాలె.

ఆ చప్పుడు వినని మనిషి చేతిలో ఏమవుతుందో కూడా మా ఇంట్లో తెలుసు. ఒక యేడు సాబు తాత చుట్టాల పెళ్లికి ఊరెళ్లాడు. నాల ఊడిపోయింది, సవారీలు ఆగిపోతున్నాయి. తాత తొందరపడి వేరే మనిషిని పిలిచాడు. ఆయన చకచకా కొట్టేశాడు, పైసలు కూడా తక్కువే తీసుకున్నాడు. మర్నాడు గుర్రం కాలు నేలకు ఆనించడం మానేసింది. ముట్టుకుంటే గిట్ట కాలిపోతున్నది. లోపల చీము పట్టింది. గుర్రానికి ధనుర్వాతం తొందరగా అంటుకుంటుంది, చిన్న గాయం చాలు. ఆ భయంతో తాత రెండు రాత్రులు వేపచెట్టు కిందనే పడుకున్నాడు. ఊరి నుంచి వచ్చిన సాబు తాత నాల ఊడదీసి, చీము పోయేందుకు దారి చేసి, వేడి ఉప్పునీళ్లలో కాలు పెట్టించాడు. పశువుల దవాఖానలో సూదిమందు వేయించారు. గుర్రం బతికింది. పదిహేను రోజులు బండి మాత్రం కదల్లేదు. అప్పు పుట్టింది.

తర్వాత చాలా యేండ్లకు మార్కో పోలో రాతల్లో ఒక సంగతి చదివి ఉలిక్కిపడ్డాను. 13వ శతాబ్దం చివర్లో ఆ వెనీసు వర్తకుడు మన సముద్రతీరం వెంట పోయాడు. కాకతీయుల మోటుపల్లి రేవు గురించి కూడా రాశాడు. 1244లో గణపతిదేవుడు పరదేశి వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించిన రేవు అది. దానికి దక్షిణాన తమిళ తీరంలో రాజులు అరేబియా, పారశీక దేశాల నుంచి ఏటేటా వేలకొద్దీ గుర్రాలు కొనేవాళ్లట. యేడాది తిరిగేసరికి చాలావరకు చచ్చిపోయేవట. కారణం, అక్కడ గుర్రాల సంగతి తెలిసినవాళ్లు, నాలలు కొట్టే నాలబందులు లేకపోవడం. ఆపైన అతను ఇంకో ముక్క రాశాడు. గుర్రాలు అమ్మే వర్తకులు నాలబందులను ఆ దేశానికి రానిచ్చేవాళ్లు కారట. గుర్రాలు చస్తేనే కదా మళ్లీ బేరం! బంగారం పోసి గుర్రాన్ని కొన్న రాజు దగ్గర గిట్ట చెక్కే మనిషి లేడు. ఓరుగల్లు కోట రాతిబాటల మీద నడిచిన గుర్రాలకు మాత్రం ఎవరో ఒక సాబు తాత దొరికే ఉంటాడని నాకో నమ్మకం. రుజువు అడగకండి. తెలుగులో గుర్రాల లక్షణాల మీద ఏకంగా పద్యకావ్యమే రాసిన మనుమంచిభట్టు ఉన్నాడు. గుర్రానికి సుడులు ఎక్కడుంటే రాజుకు మేలో లెక్క రాసుకున్న మన పెద్దలు, శీల ఏ దిక్కు వంగాలో తెలిసినవాడి పేరు ఒక్కటీ రాసిపెట్టలేదు.

సరే, పొట్లం దగ్గరికి వద్దాం.

పొట్లంలో గరిజెలతో పాటు మాంసం కూడా ఉండేది. ఇక్కడ మా తాత తెలివి చెప్పాలి. సాబు తాత హలాల్ మాంసమే తింటాడు. క్రిస్మస్‌కు మా వాడకట్టులో నలుగురు కలిసి ఒక యాటను కోసుకునేవాళ్లం. కోసేది ఎవరైనా మాకు పట్టింపు లేదు. అందుకని తెల్లవారుజామునే ముల్లాసాబును పిలిపించి ఆయన చేతనే కోయించేవాడు తాత. వాడకట్టులో ఒకరిద్దరు సణిగారు, మన పండుగకు వాళ్ల మంత్రమేందని. "ఇచ్చేది ఆయన తినేటట్టు ఉండాలె గద? మనం తినేటట్టు ఉంటే ఏం లాభం?" అని తాత అన్నాడు. ఆ రోజు నుంచి ఎవరూ మాట్లాడలేదు. రంజాన్ నాడు సాబు తాత ఇంటి నుంచి మూతపెట్టిన గిన్నెలో షీర్ ఖుర్మా వచ్చేది. గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదు కనుక నాయినమ్మ దాంట్లో ఏదో ఒకటి పోసి పంపేది. దసరా నాడు ఆయన సుత్తె, పట్టకారు, ఆకురాయి కడిగి, వాటికి కూడా మా ఎదురింటివాళ్లు కుంకుమ బొట్లు పెడితే వద్దనేవాడు కాదు. జమ్మి ఆకు చేతిలో పెడితే "బంగారం వచ్చె" అని జేబులో వేసుకునేవాడు.

కానుకల విషయంలో మా దగ్గర ఒక చిక్కుంది. ఈ నేల మీద కానుక ఎక్కువగా కింది నుంచి పైకే పోయింది. నిజాం కొలువులో నజరు. ఊళ్లల్లో దొరకు పండుగ పండుగకూ ఇచ్చుకోవలసినవి. ఆ దొర సవారీ కచ్చురం పోతుంటే ముందూ వెనకా మనుషులు ఉరికిన జిల్లాలివి. ఇంగ్లీషు దొరల కాలంలో క్రిస్మస్‌ను బడా దిన్ అనేవాళ్లు. ఆ రోజు కంట్రాక్టర్లు, జమీందార్లు, గుమస్తాలు బుట్టల నిండా పండ్లు, మిఠాయిలు పేర్చుకుని కలెక్టరు బంగళా ముందు వరస కట్టేవాళ్లు. ఆ బుట్టకు డాలీ అని పేరు. బుట్ట అడుగున ఏమేం దాగేవో గానీ, చివరికి పండ్లు, పూలు తప్ప వేరేవి ముట్టుకోవద్దని సర్కారే దొరలకు కట్టడి పెట్టవలసి వచ్చింది. అదే బంగళా వెనక గుర్రపుశాలలో గుర్రాన్ని చూసుకునే సాయిస్‌కు, గడ్డి కోసేవాడికి అందేది బక్షీస్. ముందు వాకిట్లోకి బుట్ట, వెనక వాకిట్లోకి చిల్లర.

మామూలు అనే మాట చూడండి. ఎప్పుడూ ఇచ్చేది, అలవాటు ప్రకారం ఇచ్చేది అని దాని అర్థం. ఊళ్లల్లో కమ్మరికి, వడ్లాయనకు, కుమ్మరికి కల్లం దగ్గర వడ్లు కొలిచి ఇచ్చేవాళ్లు, దాన్ని మేర అనేవాళ్లు. అది హక్కు. దసరా మామూలు కూడా ఒకప్పుడు అట్లాంటి హక్కే. పోస్టుమ్యాను, చాకలి, ఊడ్చే అవ్వ వచ్చి "దసరా మామూలు" అని సిగ్గు లేకుండా అడిగేవాళ్లు, మనం విసుక్కోకుండా ఇచ్చేవాళ్లం. ఇప్పుడు మామూలంటే లంచం. మాట పైకి పోయి పాడైంది.

లండన్‌లోనూ ఇట్లాంటి ఆనవాయితీ ఉండేది. శామ్యూల్ పీప్స్ అనే నౌకాదళ ఉద్యోగి 17వ శతాబ్దంలో రోజువారీ డైరీ రాసుకున్నాడు. 1663 డిసెంబరు 19న చెప్పులు కుట్టే దుకాణానికి పోయి, బాకీ అంతా కట్టేసి, పండుగ వస్తున్నదని అక్కడి పనిపిల్లల డబ్బాలో కొంత వేసి వచ్చానని అందులో ఉంది. ముందు బాకీ కట్టాడు, తర్వాత డబ్బాలో వేశాడు. ఆ వరస నాకు నచ్చింది. బాకీ ఉంచి బహుమతి ఇచ్చే పెద్దమనుషులను నేను చాలామందిని చూశాను. ఆ డబ్బాల ఆనవాయితీతోనే డిసెంబరు 26కు బాక్సింగ్ డే అనే పేరు వచ్చిందంటారు. ఆ రోజే పునీత స్తెఫను పండుగ. యూరపు ఉత్తర దేశాల్లో ఆయన గుర్రాలను కాపాడే పునీతుడు. ఆ దేశాల్లో గుర్రాలున్నవాళ్లు ఇప్పటికీ పండుగకు నాలలు కొట్టేవాడికి బిస్కెట్ల డబ్బానో, విస్కీ సీసానో చేతిలో పెడతారు. మా సాబు తాతకు విస్కీ సీసా ఇచ్చి ఉంటే ఆయన దాంతో గుర్రం గాయం కడిగేవాడు.

ఇక ఇప్పటి సంగతి. టాంగాలు పోయాయి. గుర్రాలు పూర్తిగా పోలేదు. వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో పెళ్లి బరాత్‌లకు గుర్రాలు నడుస్తూనే ఉన్నాయి. మెడలో పూసలు, నుదుటి మీద తళుకులు, ముందు బ్యాండు, వెనక జనరేటరు లైట్లు. మా చుట్టాల్లో ఒకాయన రెండు గుర్రాలు పెంచుతాడు. ఆయన చెప్పిన లెక్క నన్ను ఆలోచనలో పడేసింది. డిసెంబరు నడుమ ధనుర్మాసం వస్తుంది. సంక్రాంతి దాకా పెళ్లిళ్లు లేవు. గుర్రానికి నెల రోజులు సెలవు. ఆయనకు ఆదాయం బంద్. నాల అరగదు కాబట్టి నాలలు కొట్టేవాడికీ పని తగ్గుతుంది. చాలామంది ఆ నెలలో నాలలు ఊడదీయించి, గిట్టకు విశ్రాంతి ఇచ్చి ఉత్త కాళ్లతో వదిలేస్తారు. గుర్రానికి మంచిదే. మనిషికి మాత్రం పొయ్యి మీద కుండ తేలిక పడుతుంది. క్రిస్మస్ ఆ ఖాళీ నెలలోనే పడుతుంది. గుర్రం గుడ్డిదైనా దానాకు తక్కువ లేదని సామెత. గుర్రానికి దానా ఎట్లాగూ ఆగదు, మనిషి దానా సంగతే ఎవరికీ పట్టదు. మా తాతకు ఈ లెక్క తెలిసి పొట్లం కట్టాడో లేదో చెప్పలేను. టాంగాకు ధనుర్మాసం లేదు కదా.

గుర్రం వెనకున్న ఈ మనుషులకు ఏమివ్వాలని అడుగుతారు. నా అనుభవంలో మిఠాయి డబ్బా అందరూ ఇస్తారు, దాన్ని తీసుకున్నవాడు ఇంకొకరికి ఇచ్చేస్తాడు. నాలలు కొట్టేవాడు మోకాళ్ల నడుమ పెట్టుకునే తోలు అరిగిపోయి ఉంటుంది, అది చూడండి. గడ్డి మోపు తెచ్చే అవ్వకు చలికి కప్పుకునే శాలువా, కొడవలికి మంచి పిడి. బరాత్ రాత్రి పదకొండింటికి నాల ఊడితే ఫోనులో లైటు వేసి పంటి కింద పట్టుకుని కొట్టే కుర్రాడిని నేను చూశాను. తలకు కట్టుకునే లైటు చవకగానే దొరుకుతుంది. గుర్రానికి కూడా పండుగే కదా అని బెల్లం దిమ్మె, అన్నం, కేకు పెట్టకండి. గుర్రానికి కక్కడం చేతకాదు. కడుపు ఉబ్బిందంటే ప్రాణం మీదికి వస్తుంది. పిడికెడు నానిన ఉలవలు, ఒక క్యారెట్టు చాలు.

పశువుల డాక్టరుకు ఏమివ్వాలన్నది తెగని ముచ్చట. ప్రైవేటు డాక్టరైతే మీ ఇష్టం. సర్కారు డాక్టరైతే కానుకల విషయంలో 1964 నాటి ప్రవర్తనా నియమావళి అడ్డముంది. ఆయన్ని ఇబ్బంది పెట్టకండి. ఇంటికి పిలిచి నలుగురి నడుమ ఒక కేకు ముక్క పెట్టండి. అంతకన్నా ఆయనకు పనికొచ్చేది ఇంకొకటుంది. మామునూరులో పశువైద్య కళాశాల ఉంది. అక్కడి పిల్లలకు గేదెలు, మేకలు దొరికినంత తేలికగా గుర్రం దొరకదు. మీ గుర్రం నెమ్మదైనదైతే, వాళ్లు గిట్ట పట్టుకుని చూడటానికి ఒక పూట ఒప్పుకోండి.

సాబు తాత పోయి చాలా యేండ్లయింది. ఆయన మనవడు బైకు మీద సంచి వేసుకుని మూడు ఊళ్లూ తిరుగుతాడు. పోయిన క్రిస్మస్‌కు మా చుట్టాల ఇంటికి పోయినప్పుడు అతను అక్కడే ఉన్నాడు. నేను గరిజెలతో పాటు హైదరాబాద్ నుంచి తెప్పించిన ఆకురాయి ఒకటి తీసుకుపోయాను. అడుగు కన్నా పొడవైనది, ఒక పక్క ముతక పళ్లు, ఇంకో పక్క సన్నపు గీతలు. కాగితం విప్పి రెండు పక్కలా తిప్పి చూశాడు.

"ఎంత పడ్డదన్నా?"

"పండుగనాడు రేటు అడుగుతవా తమ్మీ?"

నవ్వలేదు. ఆకురాయి సన్న పక్కను తన బొటనవేలి గోరు మీద పెట్టి ఒక్కసారి నెమ్మదిగా గీశాడు. తెల్లటి పొడి రాలింది. గోరు దగ్గరికి తెచ్చుకుని చూసుకుని, ఊది, "తాత ఉంటే దీన్ని నాకు ఇయ్యకపోవు" అన్నాడు. సంచిలో పెట్టుకోలేదు. దాన్ని చేతిలోనే పట్టుకుని గుర్రం దగ్గరికి పోయి, మెడ మీద ఇంకో చెయ్యి వేశాడు.